ఎయిర్ రైఫిల్ స్కోప్ కొంటున్నారా? ఎడమ నాబ్ మీద ఏం రాసుందో చూశాకే డబ్బివ్వండి

బెంగళూరులో ఎయిర్ రైఫిల్‌కి స్కోప్ (గురి చూసే దుర్భిణి) కొనబోతున్న మనవాళ్లు దయచేసి ఇది చదవండి. నాకు 6,500 రూపాయలు పోయాయి. దానికంటే బాధ, మూడు ఆదివారాలు తప్పు నా చేతిదే అనుకున్నాను.

సిటీ మార్కెట్ వైపు ఒక షాపు. షాపాయన తెలుగులో పలకరించేసరికి సగం మెత్తబడిపోయాను. 'పది మీటర్ల దూరంలోనే కాలుస్తాను, ప్యారలాక్స్ సరిచేసుకునే వీలుండాలి' అని విడమరిచే చెప్పాను. (ప్యారలాక్స్ అంటే కన్ను జరిగితే గురి కూడా జరిగినట్టు కనిపించే తేడా, కింద వివరిస్తాను.) 3-9×40 స్కోప్ (జూమ్ 3 నుంచి 9 రెట్లు, ముందు గ్లాసు 40 మిల్లీమీటర్లు) ఒకటి తీసి, ఎడమవైపు నాబ్ తిప్పి చూపించి 'ఇదే సార్ సైడ్ ఫోకస్' అన్నాడు, అంటే ప్యారలాక్స్ సరిచేసే నాబ్ అని.

షూటింగ్ రేంజ్‌లో పెల్లెట్లు ఒకసారి ఎడమకి, ఒకసారి పైకి. జూమ్ 9 మీద పెడితే టార్గెట్ మసక. చివరికి మా రేంజ్‌లో సీనియర్ అన్న ఒకాయన స్కోప్ చేతిలోకి తీసుకుని, 'తమ్ముడూ, ఈ నాబ్ మీద ఏముందో చదివావా?' అన్నాడు. 1 నుంచి 5 దాకా అంకెలు, ఒకవైపు ఎర్ర చుక్క, ఇంకోవైపు పచ్చ చుక్క. మూత విప్పితే గుండ్రటి బ్యాటరీ. అది క్రాస్‌హెయిర్‌కి, అంటే గురి చూసే అడ్డం నిలువు గీతలకి, లైటు వేసే స్విచ్చి! ప్యారలాక్స్ నాబ్ అయితే దాని మీద 10, 25, 50, 100 అని దూరాలుంటాయి. కొన్నిటికి ముందు గ్లాసు చుట్టూ తిరిగే రింగు మీద ఉంటాయి.

ప్యారలాక్స్ అంటే మరేం లేదు. కారులో పక్క సీట్లోంచి చూస్తే స్పీడోమీటర్ ముల్లు వేరే అంకె మీద కనిపిస్తుంది కదా, అదే. ముల్లుకీ అంకెలకీ మధ్య ఖాళీ ఉండబట్టే అలా అవుతుంది. స్కోప్‌లో టార్గెట్ బొమ్మ, క్రాస్‌హెయిర్ ఒకే చోట పడకపోతే, కన్ను కాస్త జరిగినా గురి జరిగినట్టే. నా స్కోప్ 100 గజాల దూరానికి ప్యారలాక్స్ ఫిక్స్ చేసినది. పెద్ద తుపాకులకి అది సరైనదే, నా పనికి కాదు. 40 మిల్లీమీటర్ల గ్లాసుతో పది మీటర్ల దగ్గర, కన్ను అంచుకి జరిగితే గురి 18 మిల్లీమీటర్ల దాకా తప్పొచ్చు. టార్గెట్‌లో నల్ల వృత్తం వెడల్పే 30.5 మిల్లీమీటర్లు, మధ్య నుంచి అంచు దాకా 15 పైచిలుకే. అంటే గురి నలుపు దాటి బయటికే పోతుంది.

వాపసు అడిగితే 'కంటి దగ్గర రింగు తిప్పండి, సర్దుకుంటుంది' అన్నాడు. అది మన కంటికి క్రాస్‌హెయిర్ స్పష్టంగా కనిపించడానికే, ప్యారలాక్స్‌ని ఏమీ చేయదు. ఆ మాట చెప్పినా వినలేదు.

కాబట్టి షాపులోనే పరీక్షించండి. స్కోప్‌ని ఏదైనా మెత్తటి సంచి మీద కదలకుండా ఉంచి, జూమ్ పూర్తిగా పెంచి, రోడ్డు అవతల పది మీటర్ల దూరంలో ఉన్న బోర్డు మీద ఒక అక్షరం చూడండి. స్కోప్‌ని ముట్టుకోకుండా తలని పైకీ కిందికీ ఆడించండి. నాబ్ ఎంత తిప్పినా క్రాస్‌హెయిర్ అక్షరం మీద జారుతూనే ఉంటే తీసుకోకండి. స్ప్రింగ్ రైఫిల్ (స్ప్రింగ్ బలంతో పెల్లెట్ వదిలేది) అయితే కాల్చినప్పుడు వచ్చే కుదుపుకి తట్టుకునే స్కోపేనా అని కూడా అడగండి. మామూలువి లోపల విరిగిపోవచ్చు.

ఇప్పటికే ఇలాంటిది కొని ఇరుక్కున్నవాళ్లు ముందు గ్లాసుకి అట్టముక్క మూతలా చేసి, నడిమధ్య 20 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టండి. తప్పు సగానికి తగ్గుతుంది. నేను ప్రస్తుతం అలాగే కాలుస్తున్నాను. సాయంత్రం ఐదు దాటితే మాత్రం ఏమీ కనిపించట్లేదు.