ఎనిమిది ట్రేల డబ్బా, తొమ్మిదేళ్ల కాపురం

మా పెళ్లి వీడియోల స్టూడియోలో కంప్యూటర్ సామానంతా ఉండే డబ్బా, అంటే క్యాబినెట్, ఒకటుంది. వచ్చేవాళ్లంతా దాన్ని సీపీయూ అనే అంటారు. కరెంటు పనికొచ్చే కుర్రాడు కూడా "అన్నా, ఆ సీపీయూ కాస్త జరపండి" అంటాడు. అది అంత తేలిగ్గా జరగదు. ఖాళీ డబ్బాయే దాదాపు 11 కిలోలు, లోపల ఏడు హార్డ్ డిస్కులు. పేరు ఫ్రాక్టల్ డిజైన్ డిఫైన్ ఆర్5. 2016లో, కృష్ణా పుష్కరాలకు నెల ముందు, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొని బస్సు డిక్కీలో విజయవాడ తెచ్చుకున్నాను. అప్పట్నుంచి లోపల మదర్‌బోర్డు రెండుసార్లు మారింది, గ్రాఫిక్స్ కార్డు మూడోది నడుస్తోంది. డబ్బా మాత్రం అదే.

దీనికి ముందున్నది ఎస్ఎంపీఎస్‌తో (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) కలిపి అంటగట్టిన రేకు డబ్బా. అందులో డిస్కు తీయాలంటే ముందు గ్రాఫిక్స్ కార్డు పీకాలి. డిస్కుకు రెండో వైపు స్క్రూల కోసం వెనక రేకు కూడా విప్పాలి. ఒక మాఘమాసంలో, తెల్లారితే పార్టీకి వీడియో ఇవ్వాల్సిన రాత్రి, డిస్కు టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టింది. దాన్ని ఊడదీసి ఇంకోటి పెట్టేసరికి రెండు గంటలు పట్టింది. రేకు అంచు కోసుకుని బొటనవేలికి గుడ్డ కట్టు. కొత్తది కొనేటప్పుడు షాపువాడు లైట్లు చూపిస్తుంటే నేను సైడు రేకు విప్పమని పట్టుబట్టింది ఆ వేలి పుణ్యమే.

ఆర్5లో 3.5 అంగుళాల డిస్కులకు ఎనిమిది ట్రేలున్నాయి. ఎస్ఎస్‌డీలు, అంటే తిరిగే పళ్లెం లేని చిన్న డిస్కులు, పెట్టుకోవడానికి మదర్‌బోర్డు వెనకాల విడిగా రెండు చోట్లు. ట్రేలు పక్కకి జారతాయి. డిస్కు మూతి, అంటే వైర్లు గుచ్చే వైపు, వెనక రేకు (మదర్‌బోర్డు వెనకున్న కుడి పక్క రేకు) దిక్కున ఉంటుంది. కాబట్టి ఒక డిస్కు తీయాలంటే రెండు వైపుల రేకులూ విప్పాలి. కుడి పక్క డేటా వైరు, పవర్ వైరు లాగి, ఎడమ పక్కకొచ్చి ట్రే బయటికి లాగాలి. సర్వర్లలోలా ముందు నుంచి తలుపు తీసి డిస్కు లాగేయడం కుదరదు. ఇది తెలియకుండా కొంటే నిరాశ తప్పదు. నాకైతే చాలు. రేకుల స్క్రూలు చేత్తోనే తిరుగుతాయి, విప్పాక ఊడి కింద పడవు. స్క్రూడ్రైవర్ కోసం వెతుక్కోవడమూ, మంచం కింద స్క్రూ కోసం పాకడమూ తప్పాయి. మూడు నాలుగు నిమిషాల్లో డిస్కు చేతికొస్తుంది.

ఇంకో పని చేశాను. ప్రతి ట్రే మూతికీ తెల్ల స్టిక్కరు అంటించి మాఘం 2022, వైశాఖం 2023, శ్రావణం 2023 అని రాసుకున్నాను. మాకు సంవత్సరమంటే ముహూర్తాలే. డిస్కు పోయినప్పుడు కంప్యూటర్ చూపేది సీరియల్ నంబరు కాబట్టి, దాని చివరి నాలుగంకెలు కూడా స్టిక్కరు మీద వేశాను. లేకపోతే ఏడింటిలో ఏది చచ్చిందో తెలియక బతికున్నదాన్ని పీకుతాం. ఒకసారి పీకాను కూడా.

ఇక వైర్లు. మదర్‌బోర్డు పలకకీ వెనక రేకుకీ మధ్య 20 నుంచి 35 మిల్లీమీటర్ల సందు ఉంది, కట్టుకోవడానికి వెల్క్రో పట్టీలు డబ్బాతోనే వస్తాయి. వైర్లు దూరే కంతలకు రబ్బరు అంచులున్నాయి. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఏడు డిస్కులంటే ఏడు డేటా వైర్లు, పైగా పవర్ వైర్లు. ఒకే పవర్ వైరుకు నాలుగు మూతులుంటాయి కదా, ఆ మూతుల మధ్య దూరం ట్రేల మధ్య దూరానికి ఎక్కువ. మిగిలిన వైరు మెలికపడి బయటికి ఉబ్బుతుంది, రేకు మూసుకోదు. మోకాలు ఆనించి మూసిన రోజులున్నాయి. అలా నొక్కితే డిస్కు మూతి మీద బరువు పడుతుంది, మెల్లగా కనెక్షన్ వదులవుతుంది. ఎల్ ఆకారపు డేటా వైర్లు వాడాక, పవర్‌కి రెండు వేర్వేరు వైర్లు వేసి ఒక్కో డిస్కు వదిలి గుచ్చాక గానీ అది సర్దుకోలేదు.

మొదటి ఏడాది నేను చేసిన తెలివితక్కువ పని, డేటా వైర్లన్నీ జడలా పేని ప్లాస్టిక్ కేబుల్ టైలతో బిగించి కత్తిరించేయడం. ఫొటో తీసి స్నేహితులకు పంపాను కూడా. ఆరు నెలలకు ఒక డిస్కు మార్చాల్సి వచ్చింది. ఒక్క వైరు లాగితే జడంతా కదులుతుంది. అన్ని టైలూ కోయాల్సి వచ్చింది. అప్పట్నుంచి డిస్కుల దగ్గర వెల్క్రోనే, అదీ వదులుగా. ఎప్పుడూ కదలని మదర్‌బోర్డు పెద్ద వైరుకు మాత్రం టై వేసినా నష్టం లేదు.

దీనికన్నా పెద్ద దెబ్బ 2021లో తగిలింది, అది కూడా వైర్ల అందం వల్లే. ఎస్ఎంపీఎస్ పోయింది, వేరే కంపెనీది తెచ్చాను. రెండూ వైర్లు ఊడివచ్చే రకమే. పాత వైర్లు అంత ముచ్చటగా సర్ది ఉన్నాయి, ఎవరు విప్పుతారులే అని, వాటినే కొత్త ఎస్ఎంపీఎస్‌కు గుచ్చాను. సరిగ్గానే పట్టాయి. స్విచ్ వేయగానే కమురు వాసన. రెండు డిస్కులు పోయాయి. డిస్కు వైపు మూతి అందరిదీ ఒకటేగానీ, ఎస్ఎంపీఎస్ వైపు ఏ పిన్నులో ఎన్ని వోల్టులన్నది ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. ఐదు వోల్టులు వెళ్లాల్సిన చోట పన్నెండు వెళ్తే ఇంతే. పోయినవాటిలో ఒకటి బ్యాకప్పే. రెండోదాంట్లో గుడివాడ పార్టీ వాళ్ల నిశ్చితార్థం ఉంది. నా అదృష్టం బాగుండి వాళ్ల దగ్గర పెన్‌డ్రైవ్ కాపీ మిగిలింది. తప్పు డబ్బాది కాదు, నా బద్ధకానిది.

ఎండాకాలం సంగతి. ఈ డబ్బా ముందు మూసిన తలుపుతో చప్పుడు తగ్గించడానికి చేసింది, గాలి ధారాళంగా ఆడడానికి కాదు. డబ్బాతో రెండు 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు వస్తాయి, ముందొకటి, వెనకొకటి. మే నెలలో మా ఊళ్లో అవి చాలవు. ముందు ఇంకో ఫ్యాన్ చేర్చి, మధ్యాహ్నాలు తలుపు తెరిచే ఉంచితే డిస్కులు 46, 47 డిగ్రీల దగ్గర ఆగాయి. చేర్చకముందు 53 చూశాను. దుమ్ము ఆపే కింది జాలీ ముందు నుంచి సొరుగులా లాగొచ్చు, డబ్బా ఎత్తక్కర్లేదు. ఎదుటి జాలీ కూడా తలుపు తీసి ఊడదీయొచ్చు. నెలకోసారి పంపు కింద కడిగి ఆరబెడతాను. దసరా ఆయుధ పూజకు మా ఆవిడ తలుపు నిండా పసుపు కుంకుమ పెట్టి అగరొత్తులు వెలిగిస్తుంది. మర్నాడు జాలీ కడగడం నా వంతు.

పైన 5.25 అంగుళాల అరలు రెండున్నాయి. మొదట్లో డీవీడీ రైటర్లు పెట్టాను, పెళ్లికి పాతిక డీవీడీలు కాల్చిన రోజులవి. ఇప్పుడు ఒకదాంట్లో కార్డ్ రీడర్, రెండోది ఖాళీ. ముందు వైపు టైప్-సి లేదు, ఇప్పటి కెమెరాలతో ఆ లోటు తెలుస్తుంది.

ఇవాళ కొనేవాళ్లకు ఆర్5 కొత్తది దొరకడం కష్టం. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ముందు ట్రేలు లెక్కపెట్టండి. ఎనిమిదీ లేకపోతే బేరం చేయాల్సిందే, విడి ట్రే వెతుక్కోవడం పెద్ద తలనొప్పి. అదే కంపెనీ 2020లో తెచ్చిన డిఫైన్ 7లో 14 డిస్కుల దాకా పడతాయంటారు గానీ డబ్బాతో వచ్చే ట్రేలు ఆరే. ఇక ఇప్పుడు షాపుల్లో మెరిసే అద్దాల డబ్బాల్లో చాలావాటికి ఎస్ఎంపీఎస్ పక్కన చీకట్లో రెండు డిస్కులకే చోటుంటుంది. గేములాడేవాళ్లకు అది సరిపోతుంది. నా బావమరిది అలాంటిదే కొన్నాడు, ఇప్పుడు బల్ల మీద మూడు ఎక్స్‌టర్నల్ డిస్కులు, మూడు అడాప్టర్లు.

పెద్ద డిస్కులు కొనేవాళ్లకు ఇంకొకటి. ఎక్కువ కెపాసిటీ ఉన్న డిస్కుల్లో చాలావాటికి అడుగున మధ్య స్క్రూ కంతలు పాత చోట ఉండవు, ఇంకా వెనక్కి జరిగి ఉంటాయి. పాత కొలతల ట్రేలో అలాంటి దానికి రెండు స్క్రూలే పడతాయి. పోయిన కార్తీకంలో కొన్న 16 టీబీ డిస్కు ఏడో ట్రేలో అలా రెండు స్క్రూల మీదే ఉంది. రెండో చివర సైకిల్ ట్యూబు ముక్క దూర్చాను. ఇప్పటిదాకా గలగలలాడలేదు.