అసెంబుల్డ్ సిస్టమ్‌కి ఏ ఓఎస్ మేలు: ఓఈఎమ్మా, రీటెయిలా, లినక్సా?

సిస్టమ్ అసెంబుల్ చేయించుకునేవాళ్లు గ్రాఫిక్స్ కార్డు దగ్గర అరగంట బేరమాడతారు. విండోస్ లాంటి ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) సంగతి వచ్చేసరికి మాత్రం "అది మీరే ఏదో ఒకటి వేసి ఇచ్చేయండన్నా" అంటారు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఏ కౌంటర్ దగ్గర నిలబడినా వినిపించే మాటే ఇది. అసెంబుల్ చేసేవాళ్లకూ అదే సులువు. తర్వాత తగువొచ్చేదీ అక్కడే.

ముందు డబ్బు పెట్టి కొనే విండోస్ చూద్దాం. ఓఈఎం లైసెన్సు, అంటే సిస్టమ్ కట్టేవాళ్లు కొత్త మెషిన్‌తో పాటే వేసి ఇచ్చేది, చవక, కానీ మొదట యాక్టివేట్ అయిన మదర్‌బోర్డుతోనే దానికి ముడి. ర్యామ్ పెంచుకోవచ్చు, ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చు. బోర్డు చెడిపోయి దాని బదులు వేరేది వేస్తే కొత్త లైసెన్సు అక్కర్లేదు. మోజుపడి పైరకం బోర్డు వేస్తే మాత్రం కొత్తది కొనాల్సిందే. ఇంకో మెలిక: ఓఈఎం కాపీకి సపోర్టు ఇవ్వాల్సింది మైక్రోసాఫ్ట్ కాదు, సిస్టమ్ కట్టి ఇచ్చినవాళ్లే. రీటెయిల్, అంటే విడిగా కొనుక్కునే లైసెన్సు, ధర ఎక్కువ. పాత మెషిన్ నుంచి తీసేసి కొత్తదానిలో వేసుకోవచ్చు, ఒకేసారి రెండింట్లో మాత్రం కుదరదు.

కాబట్టి నా లెక్క బోర్డు ఎన్నాళ్లుంటుందన్నదే. మందుల షాపు బిల్లింగ్ కౌంటర్, ఆడిటర్ ఆఫీసు లాంటి చోట సిస్టమ్ పాడయ్యేదాకా దాని జోలికి ఎవరూ పోరు. అక్కడ ఓఈఎం చాలు. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు, గేమర్లు అలా కాదు. 2021లో ఇంటెల్ 12వ తరంతో ఎల్‌జీఏ 1700 సాకెట్ వచ్చింది. 2024లో కోర్ అల్ట్రా 200కి ఎల్‌జీఏ 1851 అన్నారు. వేరే సాకెట్ ప్రాసెసర్‌కి మారితే బోర్డూ మారుతుంది, దాంతో ఓఈఎం లైసెన్సూ పోతుంది. వీళ్లకు రీటెయిలే గిట్టుబాటు. హోమ్, ప్రో మధ్య అంత ఆలోచన అక్కర్లేదు: ఆఫీసు నెట్‌వర్క్ డొమైన్‌లో చేర్చాలన్నా, బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆ మెషిన్‌లోకి రావాలన్నా ప్రో.

లినక్స్ అనే ఉచిత ఓఎస్‌కు లైసెన్సు తలనొప్పి దాదాపు లేదు. జీపీఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద ఉన్న ప్రోగ్రామును నడుపుకోవడానికి ఏ ఒప్పందమూ అంగీకరించక్కర్లేదు. షరతులు మొదలయ్యేది దాన్ని ఇంకొకరికి పంచేటప్పుడు. ఒకే పెన్‌డ్రైవ్‌తో ఎన్ని మెషిన్లకైనా వేయవచ్చు. ఉబుంటు అనే లినక్స్ రకం 24.04 వెర్షన్‌కి 2029 దాకా అప్‌డేట్లొస్తాయి. బ్రౌజింగు, ఆన్‌లైన్ క్లాసులు, యూనికోడ్ తెలుగు టైపింగు వరకైతే మింట్ అనే ఇంకో లినక్స్ రకం వేసి ఇస్తాను, సందేహం లేదు. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేక, 2025 అక్టోబర్ 14న సపోర్టు ఆగిపోయిన విండోస్ 10తో మిగిలిపోయిన పాత మెషిన్లకూ ఇదే మందు. కానీ ట్యాలీ వాడే షాపుకో, పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పెళ్లి పత్రికలు వేసే డీటీపీ సెంటర్‌కో లినక్స్ అంటగట్టకూడదు. వైన్‌లో (లినక్స్‌పై విండోస్ ప్రోగ్రాములు నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తుందేమో చూద్దాం అన్న మాట మన ఇంట్లో మెషిన్‌కి సరే, పార్టీకి, అంటే సిస్టమ్ కొనేవాళ్లకి, ఇచ్చే మాట కాదు.

ఇక కొన్ని వందలకు దొరికే విండోస్ కీలు. వాటిలో చాలామటుకు ఏదో కంపెనీ వాల్యూమ్ లైసెన్సు (చాలా మెషిన్లకు కలిపి కొనేది) నుంచి బయటికొచ్చిన ఎంఏకే కీలే, అంటే ఒకే కీతో చాలా మెషిన్లను యాక్టివేట్ చేసేవే. వాల్యూమ్ విండోస్ అసలు అప్‌గ్రేడ్ లైసెన్సు మాత్రమే; కింద ఒక అసలు లైసెన్సు లేని కొత్త మెషిన్‌కి అది చెల్లదు. కేఎంఎస్ యాక్టివేషన్ (కంపెనీ సర్వర్ ద్వారా చేసేది) అయితే 180 రోజులకు తీరిపోతుంది. దొంగ కాపీ అని తెలిసి వాడితే కాపీరైటు చట్టం 63బీ సెక్షన్ కింద వారం నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఆ మాట చెప్పకుండా కీ అమ్మేవాళ్లే ఎక్కువ.

ఏది వేసినా, సెటప్ ఎక్కడిదాకా చేసి ఇవ్వాలన్నది ఇంకో చర్చ. అన్నీ పూర్తిచేసి డెస్క్‌టాప్ చూపిస్తే పార్టీ సంతోషిస్తారు. కానీ "అంగీకరిస్తున్నాను" నొక్కింది మనం. ఓఈఎం నియమాల ప్రకారం అది వాడేవాళ్లు నొక్కాల్సినది. మన మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి ఇస్తే ఇంకా చిక్కు: విండోస్ 11లో ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలై, రికవరీ కీ మన ఖాతాలోకి చేరవచ్చు. ఏడాది తర్వాత బయోస్ అప్‌డేట్ చేసిన రోజున నీలం తెర ఆ కీ అడగవచ్చు. ఆ మెషిన్ ఏ డాక్టరు గారిదో అయితే పేషెంట్ రికార్డులన్నీ అందులోనే ఉంటాయి.

అందుకే ఆడిట్ మోడ్, అంటే సెటప్ పూర్తిచేయకుండానే విండోస్‌లోకి వెళ్లే పద్ధతి, మేలంటాను. భాష అడిగే మొదటి తెర దగ్గర కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే ఖాతా లేకుండానే లోపలికి పోవచ్చు. డ్రైవర్లు వేసి, సిస్‌ప్రెప్ అనే విండోస్ టూల్‌లో ఊబీ (OOBE, మొదటిసారి సెటప్) ఎంచుకుని షట్‌డౌన్ చేస్తే, పార్టీ ఆన్ చేసినప్పుడు సెటప్ కొత్తగా మొదలవుతుంది. ఆడిట్ మోడ్‌లో ఉన్నంతసేపూ నెట్ తీసేసి ఉంచండి; స్టోర్ యాప్‌లు అప్‌డేట్ అయితే సిస్‌ప్రెప్ మొరాయిస్తుంది.

దీనికీ ఒక లోటుంది. హోమ్ ఎడిషన్ సెటప్‌కు నెట్, మైక్రోసాఫ్ట్ ఖాతా రెండూ కావాలి. నెట్ సరిగ్గా లేని ఊరికి మెషిన్ తీసుకెళ్తున్నవాళ్లను షాపులోనే కూర్చోబెట్టి, వాళ్ల ఫోన్ హాట్‌స్పాట్‌తో, వాళ్ల ఖాతాతో, వాళ్ల చేతే చేయించడం నయం. బిల్లులో విండోస్‌ను వేరే వరుసలో, ఎడిషన్‌తో సహా ఓఈఎమో రీటెయిలో రాసి, కీ ఉన్న కార్డు వాళ్లకే ఇచ్చేయాలి.