సుందర్బన్స్‌లో సుందరి చెట్టును వెతుక్కుంటూ

సుందర్బన్స్ వెళ్లొచ్చామనగానే అందరూ అడిగేది ఒకటే, పులి కనిపించిందా అని. లేదు. మేం చూడాలనుకున్న సుందరి అనే మడచెట్టు కనిపించడానికే చాలాసేపు పట్టింది.

కోల్‌కతాలోని సియాల్దా స్టేషన్ నుంచి లోకల్ రైల్లో కానింగ్, అక్కణ్ణుంచి రోడ్డు మీద గోద్‌ఖాలీ, ఆ తర్వాత అంతా పడవే. లోకల్‌లో రద్దీ ఎక్కువ. పెద్దవాళ్లుంటే కోల్‌కతా నుంచే కారు మాట్లాడుకోవడం నయం.

మొదట పడవలోనే పడుకునే ప్యాకేజీ తీసుకున్నాం. రాత్రంతా జనరేటర్ మోత, పైగా తిన్న థర్మకోల్ ప్లేట్లు మా కళ్లముందే నదిలోకి. మరుసటి రోజే పాఖిరాలయ్ ఊళ్లో ఒక ఇంటి బసకు మారిపోయాం. గది చిన్నదే కానీ దోమతెర శుభ్రంగా ఉంది, చేపల కూర వేడివేడిగా పెట్టారు. రెండోసారి వెళ్లినా అక్కడే దిగుతాను.

అడవిలోకి అనుమతి సజ్నేఖాలీలో తీసుకోవాలి, గైడ్ తప్పనిసరి. మా గైడ్‌కి చెట్లంటే ఇష్టం, అది మా అదృష్టం. ఒడ్డు పొడుగునా కనిపించేదంతా గేవా, అంటే మన కోరంగి మడ అడవిలో తిల్ల. సుందరిని దోబాంకీలో వలకంచె మధ్య నడిచే వంతెన మీంచి చూపించాడు. ఆకు పైవైపు ముదురాకుపచ్చ, వెనక్కి తిప్పితే వెండి పూత. చెట్టు మొదలు చుట్టూ బురదలోంచి మొనలు తేలిన శ్వాసవేళ్లు.

ఈ చెట్టుకి ఉప్పు కొంతవరకే పడుతుంది, మంచినీళ్లు కలుస్తుండాలి. విద్యాధరి నది పూడిపోయాక మాతలా నదికి పైనుంచి నీళ్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది, ఇప్పుడు పారేదంతా సముద్రపు పోటే. బంగ్లాదేశ్ వైపు సుందరి బాగా ఎక్కువ. కానీ 1975లో గంగ మీద ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక ఎండాకాలం ప్రవాహం తగ్గి అక్కడా ఉప్పు పెరిగింది, కొమ్మలు చివళ్ల నుంచి ఎండిపోయే తెగులు పట్టుకుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఈ చెట్టును అంతరించే ప్రమాదమున్న జాబితాలో పెట్టింది. 2019లో మన వైపు సుందర్బన్స్‌కి అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చిన మాట నిజమే, దాంతో నదికి మంచినీళ్లు రావుగా! 2009లో ఐలా, 2020లో అంఫన్ తుపాన్లకు కట్టలు తెగి పొలాల్లోకి ఉప్పునీరొచ్చింది. కొన్నిచోట్ల వరి పోయి రొయ్యల చెరువులొచ్చాయి. కోనసీమ వాళ్లకి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు.

సుధన్యఖాలీ వాచ్ టవర్ మీద జనం తోపులాట, టైమ్ తక్కువుంటే వదిలేయొచ్చు. మడచెట్ల మధ్య తీరిగ్గా నడవాలంటే మాత్రం కాకినాడ పక్కన కోరంగే మేలు, సుందర్బన్స్‌లో పులి భయంతో దోబాంకీలాంటి కంచె ఉన్న చోట్ల తప్ప పడవ దిగనివ్వరు. వెళ్లేట్టయితే చలికాలంలో వెళ్లండి. బుక్ చేసేముందే దోబాంకీ రూట్‌లో ఉందా, పడవలో మైకు పెడతారా అని గట్టిగా అడగండి.