మే ఎండలో గ్రౌండ్‌కెళ్లి ఫుట్‌బాల్ చూడాలంటే ఏది మేలు: గేలరీయా చెట్టు కిందా, గొడుగా తడి తువ్వాలా?

ముందే చెప్పేస్తాను, మన శ్రీకాకుళం విజయనగరం వైపు ఏప్రిల్ మే నెలల్లో మ్యాచ్ చూసేవాళ్లకి చేతిలో ఏం పట్టుకెళ్లారు అన్నదాని కంటే ఎక్కడ కూర్చున్నారు అన్నదే ఎక్కువ పని చేస్తాది. అందరూ గొడుగు కొనాలా, టోపీ చాలా, మెడకి తగిలించుకునే ఆ బ్యాటరీ ఫ్యాన్ బాగుంటాదా అనే అడుగుతారు గాని ఏ పక్క కూర్చోవాలి అని ఒక్కరూ అడగరు. ఆడేవాడి గురించి కోచ్ చూసుకుంటాడు, రిఫరీ చూసుకుంటాడు, చూసేవాడి గురించి వాడే చూసుకోవాలి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మన ఎండ వేరు, ముందు అది అర్థమవ్వాలి. ఫోన్‌లో 36 చూపిస్తే ఏటీ 36యే కదా, రెంటచింతలలో 44 అంట అనుకుంటాం. కానీ సముద్రం దగ్గరున్న ఊళ్లలో గాలి నిండా తేమే, చెమట పడతాది గాని ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఫుట్‌బాల్ వాళ్లు ఎండని కొలిచే లెక్క ఒకటుంది, డబ్ల్యూబీజీటీ అంటారు, అందులో తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్‌కి 70 శాతం, ఎండలో పెట్టిన నల్ల గోళానికి 20 శాతం ఇస్తారు, మనం ఫోన్‌లో చూసుకునే మామూలు టెంపరేచర్‌కి ఇచ్చేది 10 శాతమే. అంటే తేమకే పెద్ద పీట. వాతావరణ శాఖ కూడా మైదాన ప్రాంతాల్లో 40 దాటాక వడగాడ్పు లెక్క మొదలుపెడితే తీరం వెంబడి 37కే మొదలుపెడతాది, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుంటే చాలు.

2014 బ్రెజిల్ వరల్డ్ కప్‌లో ఆ డబ్ల్యూబీజీటీ 32 దాటితే ఆట ఆపి కూలింగ్ బ్రేక్ ఇవ్వచ్చని రూల్ పెట్టారు, ఫోర్టలేజాలో నెదర్లాండ్స్ మెక్సికో మ్యాచ్‌ని అలాగే ఆపారు కూడా. 2022లో ఖతర్ వరల్డ్ కప్‌ని ఏకంగా నవంబర్ డిసెంబర్‌కి జరిపేశారు. నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది మాత్రం 2025 క్లబ్ వరల్డ్ కప్, అమెరికాలో సిన్సినాటిలో జర్మనీకి చెందిన డోర్ట్‌మండ్ టీమ్ తమ సబ్‌స్టిట్యూట్లని ఫస్ట్ హాఫ్ అంతా బెంచీ మీద కూర్చోనివ్వలేదు, లోపల డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చుని చూడమన్నారు. రోజూ ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లు వాళ్లు, ఆ నలభై ఐదు నిమిషాలు వాళ్లు చేసింది మనలాగా కూర్చుని చూడ్డమే, దానికే అంత జాగ్రత్త పడ్డారంటే మన గేలరీలో అరవయ్యేళ్ల తాతకీ ఆరేళ్ల గుంటడికీ ఎంత జాగ్రత్త కావాలో ఆలోచించండి.

సరే, ఎక్కడ కూర్చోవాలి. ఫుట్‌బాల్ గ్రౌండ్ సాధారణంగా ఉత్తరం దక్షిణంగా వేస్తారు, గోల్ పోస్టులు ఆ రెండు కొసలా ఉంటాయి, అంటే పొడుగు వైపులు తూర్పు, పడమర. సాయంత్రం మ్యాచ్‌కి పడమటి వైపే కూర్చోవాలి, ఎండ వీపు వెనక్కి పోతాది, వెనకాల గోడున్నా చెట్టున్నా దాని నీడ మన మీదకే పడతాది, నాలుగున్నర దాటాక నిమిష నిమిషానికీ ఆ నీడ పొడుగవుతాది. అదే తూర్పు వైపు కూర్చున్నోళ్లకి ఎండ తిన్నగా మొహం మీదే, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూడాలి, పక్క నుంచి గోల్ ముందుకి కొట్టే ఒక్క క్రాస్ కూడా సరిగ్గా కనబడదు. పొద్దున్న మ్యాచ్‌కి ఇదంతా తిరగేసుకోవాలి, తూర్పు వైపు మేలు. గేటు దగ్గర ఖాళీ కనబడిందని అక్కడే చతికిలబడిపోకుండా గ్రౌండ్ చుట్టూ సగం నడిచైనా సరైన పక్కకి వెళ్లండి, డబ్బు ఖర్చు లేని పని ఇది, నా లెక్కలో మిగతా అన్నిటికంటే ఇదే పెద్దది.

గేలరీయా చెట్టు కిందా అంటే పైకప్పు లేని సిమెంటు గేలరీ కంటే చెట్టు కిందే మేలు, అందులో నాకు అనుమానం లేదు. సిమెంటు మెట్లు పొద్దున్నించీ ఎండ తాగి ఉంటాయి, సాయంత్రం ఆరైనా కింద నుంచి సెగ కొడుతూనే ఉంటాయి, పైన నీడొచ్చినా కింద పొయ్యి ఆరదు. గేలరీ తప్పదనుకుంటే గోనెసంచి నాలుగు మడతలేసి వేసుకోండి, ప్లాస్టిక్ పట్టా వద్దు, అది ఇంకా కాలుతాది. చెట్టు కింద ఆకుల నుంచి నీరు ఆవిరవుతా ఉంటాది కాబట్టి గోడ నీడ కంటే కూడా చల్లగా ఉంటాది, వేప గాని రావి గాని గుబురుగా ఉంటే మరీను. కాకపోతే కార్నర్ కిక్ దగ్గర ఏం జరుగుతోందో సగమే కనబడతాది, నిజమే, పెద్దవాళ్లతో వెళ్తే ఆ సగం వదులుకోవడమే మంచిది.

చెట్టుకి ఒక్క షరతు ఉంది. మన ఉత్తరాంధ్రలో ఏప్రిల్ మే సాయంత్రాలు ఉన్నట్టుండి మబ్బు పట్టి గాలివాన దిగుతాది, పిడుగులు పడతాయి. ఉరుము వినబడిందంటే ఆ చల్లని చెట్టే అన్నిటికంటే ప్రమాదం, గోల్ అవుతున్నా సరే లేచి పక్కా భవనంలోకో కారులోకో వెళ్లిపోవాలి. విపత్తుల నిర్వహణ సంస్థ వాళ్లు పిడుగుల హెచ్చరిక ఫోన్‌కి మెసేజ్ పంపిస్తారు, వడగాడ్పుల మండలాల లిస్టు కూడా ముందు రోజే ఇస్తారు, ఆ లిస్టులో విజయనగరం, పార్వతీపురం మన్యం, శ్రీకాకుళం మండలాలు తరచూ ఉంటాయి, మ్యాచ్‌కి బయల్దేరే ముందు అది చూడకుండా వెళ్లకండి.

ఇక టైము సంగతి, పొద్దున్న మ్యాచా సాయంత్రం మ్యాచా. మనం తూర్పున ఉన్నాం, మేలో ఐదున్నర లోపే సూర్యుడు వచ్చేస్తాడు, హైదరాబాద్ వాళ్లు ఆరున్నరకి చల్లగా ఉందంటే మన దగ్గర ఆ టైముకి ఎండ అప్పుడే చురుక్కుమంటాది. ఆరింటికి కిక్కాఫ్ కొడితే ఎనిమిది లోపు అయిపోతాది, చూసేవాళ్లకి అన్నిటికంటే మంచిది అదే, ఉక్కపోత ఉన్నా నడినెత్తిన ఎండ ఉండదు. కానీ పొద్దున్న ఆరింటికి ఆమదాలవలస నుంచో గజపతినగరం నుంచో ఎవరొస్తారు, ఇంట్లో పని వదిలి ఆడవాళ్లు ఎలా వస్తారు, అందుకే ఫైనల్స్ అన్నీ సాయంత్రమే పెడతారు, జనం లేని ఫైనల్ ఏం ఫైనల్.

సాయంత్రానికి ఒక ప్లస్ ఉంది, సముద్రం గాలి. మధ్యాహ్నం దాటాక అది తిరిగిందంటే గ్రౌండ్‌లో ఒక్కసారిగా ప్రాణం లేచొస్తాది. కానీ పడమటి గాలి బలంగా కొట్టిన రోజు ఆ సముద్రం గాలి లోపలికి రాలేదు, మనకి పెద్ద వడగాడ్పులన్నీ అలాంటి రోజుల్లోనే, ఆ రోజు సాయంత్రం ఐదున్నరైనా మొహానికి సెగే. 2015 మేలో మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా వడదెబ్బకి పోయారు, అది మర్చిపోయే సంగతి కాదు. ఇంకో ఇబ్బంది వెలుతురు, మేలో ఆరుంబావు ఆరున్నర మధ్యలో పొద్దు గూకుతాది, ఫ్లడ్‌లైట్లు లేని గ్రౌండ్‌లో తొంభై నిమిషాల మ్యాచ్‌ని ఐదింటికి పెడితే చివర్లో బంతి కనబడదు, దాంతో మూడున్నరకే మొదలుపెట్టేస్తారు, అదే తప్పంటాను నేను. హాఫ్‌ని ముప్పై ఐదు నిమిషాలు చేసి నాలుగూ ముప్పావుకి మొదలుపెడితే ఆడేవాళ్లకీ చూసేవాళ్లకీ ఇద్దరికీ బాగుంటాది, ఊరి టోర్నమెంట్‌కి తొంభై నిమిషాలే ఆడాలని పట్టుబట్టక్కర్లేదు కదా. లీగ్ మ్యాచ్‌లు పొద్దున్న, సెమీస్ ఫైనల్ నాలుగూ ముప్పావు, నన్నడిగితే ఇదీ లెక్క.

ఇప్పుడు సామాను. గొడుగు నీడ మంచిదే, నల్ల గుడ్డ మందంగా ఉంటే ఇంకా మంచిది, కానీ గేలరీలో విప్పారంటే వెనకాల పెద్దాయన "బాబూ, ఆ గొడుగు దించు నాయనా, గోల్ కనబడ్డం లేదు" అనక మానడు, ఆయన అన్నదీ న్యాయమే. గొడుగు దారిలోకి, గ్రౌండ్ అంచున వెనక ఎవరూ లేని చోటికి. టోపీ పిల్లలకి తప్పనిసరి, అయితే ముందు మాత్రమే అంచు ఉన్న క్రికెట్ టోపీ చెవుల్నీ మెడనీ కాపాడదు, చుట్టూ అంచున్నదే తీసుకోండి.

నా ఓటు మాత్రం తువ్వాలుకే. పల్చటి నూలు తువ్వాలు, మన పొందూరు వైపు నేసే గుడ్డలాంటిది అయితే మరీ మంచిది, నీళ్లలో తడిపి పిండి మెడ చుట్టూ నెత్తి మీదా వేసుకుంటే చెమట చెయ్యలేని పని అది చేస్తాది, ఆరినప్పుడల్లా మళ్లీ తడపాలి అంతే. తేమ ఎక్కువున్న రోజు అది కూడా మెల్లగా ఆరుతాది, పని తక్కువ చేస్తాది, అక్కడే విసనకర్ర కావాలి. తాటాకు విసనకర్రతో గాలి తగిలితే తడి ఆరతాది, ఆరితేనే చల్లదనం. బ్యాటరీ ఫ్యాన్ కూడా అంతే, ఒళ్లు తడిగా ఉంటే పని చేస్తాది, పొడి ఒంటి మీదకి నలభై డిగ్రీల గాలి కొడితే ఒంట్లోకి వేడి ఎక్కించడమే అవుతాది, డాక్టర్లు కూడా నలభై దాటితే ఫ్యాన్‌నే నమ్ముకోవద్దనే చెప్తారు. చార్జింగ్ అయిపోయే ఫ్యాన్‌కి అంత డబ్బు పెట్టే కంటే తువ్వాలు, విసనకర్ర, రెండు లీటర్ల నీళ్ల సీసా, ఈ మూడూ మేలు. టీమ్ జెర్సీ వేసుకోవాలనే సరదా ఉంటే వేసుకోండి గాని ఒంటికి అతుక్కుపోయే చవక పాలిస్టర్ మాత్రం వద్దు, వదులు చొక్కా నయం.

తాగడానికి ఏది మేలు అన్నదాంట్లో జనం అనవసరంగా ఎక్కువ ఆలోచిస్తారు. ఇంట్లో తిని బయల్దేరి రెండు గంటలు కూర్చునేవాళ్లకి మంచినీళ్లు, ఉప్పేసిన పల్చటి మజ్జిగ చాలు. బయల్దేరే ముందు చోడి అంబలో తరవాణో తాగి వెళ్తే ఇంకా బాగుంటాది, మన పెద్దవాళ్లు పొలానికెళ్లే ముందు అదే తాగేవారు, నీరూ ఉప్పూ తిండీ మూడూ అందులోనే. కొబ్బరి బొండాం మంచిదే కానీ అందులో పొటాషియం ఎక్కువ, మనం చెమటలో పోగొట్టుకునే సోడియం మాత్రం అందులో తక్కువ, బొండాంతోనే సరిపెట్టుకోకూడదు. బాగా చెమట పట్టి నీరసమొచ్చినవాళ్లకి ఓఆర్ఎస్, ఒక ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి, 20.5 గ్రాముల ప్యాకెట్ లెక్క అది, గ్లాసులో చిటికెడు వేసుకుంటే లెక్క తప్పుతాది. కొనేటప్పుడు వెనక ఫార్ములా చూడండి, పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని తియ్యటి డ్రింకులు అమ్మేవారు, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలా పేరు పెట్టకూడదని ఆపేసింది. బీపీ, గుండె, కిడ్నీ ఇబ్బందులున్న పెద్దవాళ్లయితే ఉప్పు సంగతి డాక్టర్‌ని అడిగాకే. కూల్ డ్రింకుల్లో చాలావాటిలో 100 ఎంఎల్‌కి పది గ్రాముల దాకా పంచదార ఉంటాది, గొంతు చల్లబడతాది గాని దాహం తీరదు. చెరకు రసం, షర్బత్ బండి దగ్గర ఐసు ఏ నీళ్లతో చేశారో తెలియదు కాబట్టి ఐసు లేకుండా అడగండి. మందు తాగి ఎండలో కూర్చోవడం అసలే వద్దు.

ఇన్ని చేసినా పక్కన ఎవరైనా తేడాగా ఉంటే కనిపెట్టాలి. తల తిరగడం, వాంతొచ్చేలా ఉండడం, కండరాలు పట్టెయ్యడం అయితే నీడకి తీసుకెళ్లి పడుకోబెట్టి నీళ్లు తాగించి గాలి విసరండి, అరగంటలో తేరుకోకపోతే ఆస్పత్రికే. అదే మాట తడబడుతోంది, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్తున్నారు, ఒళ్లు కాలిపోతోంది అంటే అది వడదెబ్బ, ఒంట్లో వేడి 40 డిగ్రీలు అంటే 104 ఫారెన్‌హీట్ దాటిందని అర్థం. వెంటనే 108కి ఫోన్, ఈలోపు నీడలోకి లాగి చొక్కా విప్పి నీళ్లు ఒంటి మీద పోస్తూనే ఉండాలి, తడిగుడ్డలు మెడకీ చంకలకీ గజ్జలకీ పెట్టాలి, విసరాలి. స్పృహ సరిగ్గా లేనివాళ్ల నోట్లో నీళ్లు పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర వెయ్యడం వల్ల లాభం లేదు, ఇది జ్వరం కాదు. అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరచడం ఆపకండి, ప్రాణం నిలబడేది ఆ కాసేపట్లోనే.

టోర్నమెంట్ పెట్టే కుర్రాళ్లకి కూడా ఒక మాట. ముఖ్య అతిథుల కోసం షామియానా వేస్తారు కదా తమ్ముళ్లూ, గుడ్డ షామియానాకి మూడు పక్కలా తెరలు కడితే లోపల గాలి ఆడదు, రేకుల షెడ్డు అంతకంటే ఘోరం, రేకు కాలి కిందకి సెగ కొడతాది. తాటాకు పందిరో కొబ్బరాకు పందిరో వెయ్యండి, పక్కలు తెరిచి ఉంచండి, పడమటి వైపు వెయ్యండి, పొడుగ్గా వెయ్యండి, అందులో ముందు వరస ముసలోళ్లకీ చిన్నపిల్లల తల్లులకీ వదలండి. అతిథిగారు స్పీచ్ అయ్యాక పది నిమిషాల్లో కారెక్కి వెళ్లిపోతారు, ఆఖరి విజిల్ దాకా కూర్చునేది వీళ్లే. పందిరి పక్కన మట్టి కుండల్లో మంచినీళ్లు పెట్టండి, తువ్వాళ్లు తడుపుకోడానికి వేరేగా ఒక డ్రమ్ము నిండా వాడుక నీళ్లూ ఒక మగ్గూ ఉంచండి, రిఫరీ ఆటగాళ్లకి వాటర్ బ్రేక్ ఇచ్చినప్పుడు మైకులో చూసేవాళ్లని కూడా నీళ్లు తాగమని చెప్పండి.