ఒరాకిల్ డేటాబేస్‌ను ఏ ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) మీద నడపాలి? గుంటూరు కోల్డ్ స్టోరేజీలో చాలా ఏళ్ల వాడకం తర్వాత

మిర్చి సీజన్‌లో మా కోల్డ్ స్టోరేజీలో సిస్టమ్ ఆగిందంటే టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపడానికి వచ్చిన లారీలన్నీ గేటు బయటే ఆగిపోతాయి. రసీదులు, అద్దె లెక్కలు, సరుకు మీద రైతులు తీసుకున్న బ్యాంకు లోన్ల వివరాలు అన్నీ ఒరాకిల్ డేటాబేస్‌లోనే ఉంటాయి. 9ఐ వెర్షన్ రోజుల నుంచి ఇప్పటి 19సీ వెర్షన్ దాకా దాన్ని చూసుకుంటున్నది నేనే. డేటాబేస్ గట్టిది, అందులో సందేహం లేదు. కానీ కొనేముందు ఒకటి కనుక్కోండి: దాన్ని తయారుచేసేవాళ్లు తమ పని ఏ ఓఎస్ మీద చేసుకుంటున్నారు?

చాలా ఓఎస్‌ల మీద నడుస్తుందన్నది నిజమే. 1979లో అమ్మకానికి వచ్చిన తొలి వెర్షన్ పీడీపీ-11 అనే మెషీన్ కోసం, ఆ మెషీన్‌కే సరిపోయే అసెంబ్లీ భాషలో రాసింది. 1983లో మూడో వెర్షన్‌ను సీ భాషలో తిరగరాశాక వేరే మెషీన్లకు పోర్ట్ చేయడం (వాటి మీద నడిచేలా మార్చడం) తేలికైంది. అయినా ముందు ఒకదాని మీద రాసి, తర్వాతే మిగతావాటికి పోర్ట్ చేస్తారు. ఆ పెద్దపీట తొలి రోజుల్లో వ్యాక్స్ మెషీన్లది, తర్వాత చాలా ఏళ్లు సన్ వాళ్ల సోలారిస్‌ది, 2000 దాటాక లినక్స్‌ది. ఇంటెల్ సర్వర్లు చవకయ్యాయి, వాటిని నాలుగైదు కలిపి క్లస్టర్‌గా నడపడం కుదిరింది; ఖరీదైన యూనిక్స్ బాక్సుల అవసరం తగ్గింది.

రిలీజ్ తేదీలు చూస్తే ఎవరి వంతు ఎప్పుడో తెలుస్తుంది. 11జీ రెండో రిలీజ్ లినక్స్‌కి 2009 సెప్టెంబర్‌లో వస్తే, విండోస్‌కి 2010 ఏప్రిల్‌లో వచ్చింది. 2010 జనవరిలో సన్ కంపెనీనే కొనేశారు కదా, ఇక సోలారిస్‌కి మళ్లీ పట్టాభిషేకమే అనుకున్నాం. అలా జరగలేదు. అసలు దెబ్బ ఇంటెల్ వాళ్ల ఇటానియం చిప్ వాడేవాళ్లకు తగిలింది: ఆ చిప్‌కి ఇకపై కొత్త వెర్షన్లు చేయబోమని 2011 మార్చిలో ఒరాకిల్ ప్రకటించింది. ఆ చిప్‌తో సర్వర్లు అమ్మే హెచ్‌పీ కోర్టుకెక్కింది, 2016లో జ్యూరీ 300 కోట్ల డాలర్లు ఇమ్మంది. కోర్టులో గెలిచింది హెచ్‌పీయే, ఇటానియంకి వెర్షన్లు మళ్లీ ఇవ్వాల్సి వచ్చింది; కానీ ఆ చిప్ పెట్టుకున్న ఆఫీసులు అప్పటిదాకా అయోమయంలో పడ్డాయి.

మేం మొదట 32 బిట్ విండోస్ మీద ఉండేవాళ్లం. విండోస్‌లో ఒరాకిల్ ఒకే ప్రాసెస్‌గా, లోపల థ్రెడ్లుగా నడుస్తుంది. 32 బిట్‌లో ఒక ప్రాసెస్‌కి మామూలుగా దక్కేది 2 జీబీ. డీలర్ 'ర్యామ్ పెంచితే చాలు సార్' అని కొత్త కార్డులు అమ్మాడు. ఏప్రిల్‌లో కౌంటర్లన్నీ ఒకేసారి కనెక్ట్ అయ్యేసరికి మెమరీ చాలడం లేదనే ఓఆర్ఏ-04030 ఎర్రర్ మళ్లీ మొదలు. ఆ సీజన్ అంతా టెన్షనే. లినక్స్‌లో ఒక్కో కనెక్షన్‌కి విడిగా ప్రాసెస్ ఉంటుంది. 64 బిట్ లినక్స్‌కి మారాక ఆ ఎర్రర్ ముఖం చూడలేదు.

మా మార్పు ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్‌తో అయిపోయింది. విజయవాడలో నేను చూసే ఇంకో ఆఫీసులో సన్ వాళ్ల స్పార్క్ చిప్ సర్వర్ ఉండేది. అక్కడ పని బరువు. స్పార్క్‌లో బైట్ల వరస ఇంటెల్‌కి తలకిందులు కాబట్టి డేటాఫైళ్లు కాపీ చేస్తే సరిపోదు. ఆర్‌మ్యాన్‌తో (ఒరాకిల్ సొంత బ్యాకప్ టూల్) కన్వర్ట్ చేయాలి, లేదా మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఆ పాత డిస్కు మీద దానికి ఎంతసేపు పట్టిందో తలుచుకోకపోవడమే మంచిది.

ఇప్పుడు ఒరాకిల్ లినక్స్ వాడుతున్నాం. డౌన్‌లోడ్ ఉచితం, సపోర్ట్‌కే డబ్బు. సెంటోస్ అనే ఉచిత లినక్స్ మీద కూడా నడుస్తుందని కుర్రాళ్లు వేసేస్తుంటారు; నడుస్తుంది, కానీ ఒరాకిల్ సర్టిఫై చేసిన జాబితాలో అది లేదు.

ఇంతా చేస్తే పెద్దపీట మళ్లీ కదులుతోంది. 18సీ 2018 ఫిబ్రవరిలో ముందుగా ఒరాకిల్ క్లౌడ్‌కి, ఒరాకిల్ సొంత సర్వర్ ఎక్సాడేటాకి వచ్చింది, మామూలు సర్వర్లకు జులైలో. 23ఏఐ కూడా 2024 మేలో అదే దారిలో వచ్చింది. మాలాంటి చిన్నవాళ్లకు 19సీతో ఏ లోటూ లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, డేటా 12 జీబీలోపే అయితే, ఉచిత 21సీ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌ను లినక్స్ మీద వేసుకుని ఒక సీజన్ నడిపి చూడండి. లైసెన్స్ సంగతి ఆ తర్వాత.