గ్రాంటుతో నడిచే వృద్ధాశ్రమం: సేవ బాగుంది, లెక్క చూపలేదు

నెల్లూరు శివార్లలో ప్రభుత్వ గ్రాంటుతో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే వృద్ధాశ్రమంలో మా పెద్దమ్మ ఏడాదిన్నరగా ఉంటున్నారు. అక్కడి పెద్దలకు నా మాటల వల్ల ఇబ్బంది కలగకూడదని సంస్థ పేరు రాయడం లేదు. గదులు శుభ్రంగా ఉంటాయి. పళ్ళు లేనివారికి అన్నం మెత్తగా వండి పెడతారు, బీపీ మాత్రలు వేళకు ఇస్తారు, రాత్రిపూట ఆయా పిలిస్తే పలుకుతుంది. సేవ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఫిర్యాదంతా లెక్కల గురించే. గేటు పక్క బోర్డు మీద 'ప్రభుత్వ సహాయంతో' అని పెద్ద అక్షరాలతో రాశారు గానీ, ఆ సహాయం ఏడాదికి ఎంత, ఎంతమంది కోసం మంజూరైంది, ఎంత ఖర్చయింది అన్నది ఎక్కడా లేదు. పెద్దనాన్న సంవత్సరీకానికి అన్నదానం కోసం 5,000 రూపాయలు రొక్కంగా ఇస్తే, పాన్ నంబరైనా లేని తెల్లకాగితం మీద రాసిచ్చారు. రొక్కం 2,000 దాటితే విరాళాలకిచ్చే 80జి ఆదాయపు పన్ను మినహాయింపు ఎలాగూ రాదని నాకు తెలుసు; ఆ డబ్బు సంస్థ పుస్తకంలో జమ అయిందన్న రుజువు ఉంటే చాలనుకున్నాను. ఆడిట్ నివేదిక చూపమంటే, "మాది ప్రైవేటు సొసైటీ అండీ, బయటివాళ్ళకు చూపనక్కర్లేదు" అని కార్యదర్శి గారు మర్యాదగానే చెప్పారు.

ఆ మాట సరికాదు. ప్రభుత్వ నిధులు గణనీయంగా అందుకునే స్వచ్ఛంద సంస్థలు కూడా 2005 సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తాయి. గణనీయం అంటే సగానికి మించే ఉండాలని లేదని 2019 సెప్టెంబరులో డీఏవీ కళాశాల ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పైగా కేంద్ర గ్రాంటు తీసుకున్న సంస్థ ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా వినియోగ ధ్రువపత్రం, అంటే అందరూ యూసీ అనే కాగితం, ఇచ్చుకోవాలి. దాని నకలు కోసం 10 రూపాయల ఫీజుతో సంబంధిత కార్యాలయంలో దరఖాస్తు పెట్టాను. గడువు 30 రోజులు దాటి, మొదటి అప్పీలు వేశాక గానీ కాగితం చేతికి రాలేదు.

అందులో 25 మంది వృద్ధులని ఉంది. నేను వెళ్ళిన ఏ ఆదివారమూ భోజనాల వరుసలో పద్దెనిమిది మందికి మించి కనిపించలేదు. మిగిలినవారు ఆసుపత్రిలోనో, పిల్లల దగ్గరో ఉండవచ్చు. హాజరు పట్టీ చూపి ఉంటే నా అనుమానం అక్కడికక్కడే తీరిపోయేది. తనిఖీకి వచ్చేవారు ముందుగా కబురు చేసి వస్తారని అక్కడివారే అంటున్నారు. ఆ పద్ధతి మానుకుని, భోజనాల వేళకు చెప్పకుండా వచ్చి విస్తళ్ళు లెక్కపెడితే, ఎన్ని యూసీలు తిరగేసినా తెలియని సంగతి తెలుస్తుందని నా గట్టి నమ్మకం.

పెద్దమ్మకు అక్కడ స్నేహితులు కుదిరారు కాబట్టి ఆమెను మార్చడం లేదు. ఈ ఏడాది సంవత్సరీకం డబ్బు సంస్థ బ్యాంకు ఖాతాకే పంపి, ఆ పన్ను మినహాయింపు కోసం విరాళం అందుకున్న సంస్థ ఇచ్చే 10బీఈ ధ్రువపత్రం అడుగుతాను. హాజరు పట్టీ నకలు కోసం రెండో దరఖాస్తు మొన్న సోమవారం ఇచ్చాను.