అహురా మజ్దా కోసం ఇరాన్: యజ్దా, షిరాజా?

జొరాస్ట్రియన్ల (మన పార్సీలదీ ఆ మతమే) పరమేశ్వరుడు అహురా మజ్దాకు గుడిలో విగ్రహం ఉండదు. ఆయన కోసం ఇరాన్ వెళ్తానంటే అందరూ యజ్ద్ పేరే చెబుతారు. నన్నడిగితే షిరాజ్‌కే ఎక్కువ టైమ్ పెట్టుకోమంటాను.

యజ్ద్‌లోని ఆతష్ బెహ్రామ్ అనే అగ్ని గుడి 1934లో కట్టింది. మన దేశపు పార్సీల చందాలూ అందులో ఉన్నాయి. లోపలి అగ్ని సుమారు క్రీ.శ. 470 నుంచి ఆరలేదంటారు. సికింద్రాబాద్ పార్సీ గుడిలోకి బయటివాళ్లను రానివ్వరు. యజ్ద్‌లో టికెట్ కొంటే చాలు. కాకపోతే దర్శనం అద్దం ఇవతలి నుంచే. మంట కన్నా అద్దంలో మన మొహాలు, ఫోన్లే ఎక్కువ కనిపిస్తాయి. గుమ్మం పైనున్న రెక్కల మనిషే అహురా మజ్దా అని మా గైడు తేల్చేశాడు. అది ఫ్రవహర్ అనే జొరాస్ట్రియన్ల గుర్తు. అదెవరి రూపమో పండితులే ఇంకా తేల్చుకోలేదు.

బస విషయంలో మాత్రం యజ్ద్‌దే పైచేయి. పాత మట్టి ఇళ్లనే హోటళ్లుగా మార్చారు. నడిమింట్లో నీళ్ల తొట్టి, పైన గాలిని ఇంట్లోకి లాగే గోపురం, అడక్కుండానే టీ. షిరాజ్‌లో మేం దిగిన హోటల్లో ఏసీ తప్ప చెప్పుకోవడానికేం లేదు. యజ్ద్ నుంచి ఎడారి కొండలోని చక్ చక్ అనే జొరాస్ట్రియన్ క్షేత్రానికి రానూ పోనూ ఒక పూట పోతుంది, ఎండాకాలమైతే మానుకోండి.

అసలు దర్శనం షిరాజ్ దగ్గరి నక్ష్-ఎ రుస్తంలో. పాత పర్షియా రాజధాని పెర్సెపోలిస్ శిథిలాలు చూసి అటే వెళ్లొచ్చు. పైన కొండలో డేరియస్ లాంటి చక్రవర్తుల సమాధులు, కింద క్రీ.శ. మూడో శతాబ్దపు శిల్పాలు. అందులో అహురా మజ్దా గుర్రమెక్కి, ఎదురుగా గుర్రం మీదున్న సాసానియన్ రాజు అర్దషీర్‌కి రాజ్యాధికారపు వలయం అందిస్తుంటాడు. ఇద్దరూ ఒకే ఎత్తు. రాజు గుర్రం కింద అతని చేతిలో ఓడిన పార్థియన్ రాజు అర్దవాన్, దేవుడి గుర్రం కింద దుష్టశక్తి అహ్రిమన్. ఇక్కడ గైడు ఊహలతో పని లేదు: ఎవరెవరో గుర్రాల మీదే మూడు భాషల్లో చెక్కారు. గ్రీకులోనైతే అహురా మజ్దాను గ్రీకుల పెద్ద దేవుడి పేరుతో జ్యూస్ అన్నారు! మధ్యాహ్నం ఎండ నేరుగా పడితే గీతలు సరిగా కనిపించవు, పొద్దున్నే వెళ్లండి.

మన కార్డులు అక్కడ పనిచేయవు, డాలర్లో యూరోలో నగదు ఉండాలి. రేటు చెప్పేది తోమాన్లలో, నోటు మీద ఉండేది రియాళ్లు. ఒక తోమాన్‌కి 10 రియాళ్లు. టాక్సీ మాట్లాడేటప్పుడే నక్ష్-ఎ రజబ్ అనే మరో శిల్పాల చోటు కూడా కలపండి. దారిలోనే ఉన్నా డ్రైవర్లు ఆపకుండా పోతారు. అక్కడ ఇదే ఘట్టంలో దేవుడూ రాజూ నేల మీద నిలబడి ఉంటారు.